తోకచుక్కలు ఇన్నేళ్లయినా ఎందుకు అయిపోలేదు? (ఒక ఫార్వర్డ్ మెసేజ్ మీద చర్చ)

కొవ్వూరు_కుర్రాడు

అందరికీ నమస్కారం. మా ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. సారాంశం ఇదీ: తోకచుక్క సూర్యుడి దగ్గరకు వచ్చిన ప్రతిసారీ కొంత ఆవిరైపోతుంది, కాబట్టి ఐదారేళ్లకోసారి వచ్చే తోకచుక్కలు కొన్ని వేల ఏళ్లలో అయిపోవాలి, కానీ ఇప్పటికీ వందల కొద్దీ ఉన్నాయి, కాబట్టి సౌర కుటుంబం వయసు 460 కోట్ల ఏళ్లు కాదు, పదివేల లోపేనట. చివర్లో "కొత్తవి ఊర్ట్ మేఘం నుంచి వస్తాయంటారు గానీ ఆ మేఘాన్ని ఇంతవరకు చూసినవాడు లేడు" అని ఒక పంచ్ (ఊర్ట్ మేఘం అంటే సౌర కుటుంబం చుట్టూ చాలా దూరంలో ఉందనుకునే మంచు శకలాల గుంపు). మా బాబాయ్ దీన్ని పట్టుకుని నన్ను ఒక ఆట ఆడుకుంటున్నారు. తప్పని తెలుసు, ఎక్కడ తప్పో గట్టిగా చెప్పలేకపోతున్నా. మొదటి సగం నిజమే కదా?

మోడరేటర్

మతాల జోలికి వెళ్లకుండా ఖగోళం వరకే మాట్లాడుకుందాం. గత వారం చర్చా దారం (థ్రెడ్) ఒకటి మూసేయాల్సి వచ్చింది, గుర్తుంది కదా.

చుక్కల_మాస్టారు

మొదటి సగం నిజమే, అందులో సందేహం లేదు. రోసెట్టా అంతరిక్ష నౌక 67పి తోకచుక్క పక్కనే రెండేళ్లు తిరిగింది (2014 నుంచి 2016 దాకా). 2015లో అది సూర్యుడి దగ్గరకు వచ్చి వెళ్లేసరికి తన బరువులో దాదాపు 0.1 శాతం పోగొట్టుకుంది. దాని మొత్తం బరువు 1000 కోట్ల టన్నుల దగ్గర, పోయింది కోటి టన్నుల పైచిలుకు. ఆరున్నర ఏళ్లకోసారి ఇదే లెక్కన పోతుంటే ఆరేడు వేల ఏళ్లకు మిగిలేదేమీ ఉండదు. అసలు అంతవరకు కూడా ఆగదు, పైన ధూళి పేరుకుపోయి లోపలి మంచు బయటకు రాకుండా మూసుకుపోవడమో, ముక్కలైపోవడమో ముందే జరుగుతుంది.

తప్పంతా రెండో సగంలో ఉంది. ఊరి చెరువు తూము తీసే ఉన్నా నీళ్లు తగ్గట్లేదంటే పైనుంచి వాగు వస్తోందని ఎవరైనా అనుకుంటారు, చెరువు నిన్ననే తవ్వారని అనుకోరు. ఇక్కడ వాగు ఎక్కడుందన్నదే ప్రశ్న. దానికి జవాబు వెతకడానికి ఖగోళవేత్తలకు వందేళ్లు పట్టింది, ఆ కథే అసలు మజా.

ఎందుకలా_రావు

మాస్టారూ, ఫార్వర్డ్ వాడు అడిగిందీ అదే కదా. వాగు ఉందని మీరు నమ్ముతున్నారు, వాడు నమ్మట్లేదు. ఊర్ట్ మేఘాన్ని ఎవరూ చూడలేదన్నది నిజమా కాదా?

చుక్కల_మాస్టారు

నిజమే. ఉన్నచోట ఉండగా అందులో ఒక్క వస్తువునూ ఎవరూ చూడలేదు. యాన్ ఊర్ట్ 1950లో పంతొమ్మిది తోకచుక్కల కక్ష్యలు పెట్టుకుని, అవన్నీ వేల కోట్ల కిలోమీటర్లు కాదు, లక్షల కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి వస్తున్నాయని లెక్కకట్టి చెప్పాడు. కానీ రావుగారూ, మీరూ ఆ ఫార్వర్డ్ వాడూ పట్టించుకోనిది ఒకటుంది: ఐదారేళ్లకు వచ్చే తోకచుక్కలు ఊర్ట్ మేఘం నుంచి రావు. ఆ సంగతి మన గతి గారు చెబితే బాగుంటుంది, ఆవిడ పని అదే.

గతి_గణితం

పిలిచారు కాబట్టి వచ్చాను, కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఎవరు ఎవరో విడదీయాలి. 200 ఏళ్ల లోపు తిరిగొచ్చే వాటన్నిటినీ తక్కువ కాలపు తోకచుక్కలు అనడం పాత అలవాటు. అందులో నిజానికి రెండు జాతులున్నాయి. ఒకటి గురుగ్రహ కుటుంబం: ఎక్కువగా 20 ఏళ్ల లోపు చుట్టేస్తాయి, సూర్యుడికి దూరంగా వెళ్లే కొస దాదాపు గురుడి కక్ష్య దగ్గరే ఉంటుంది, గ్రహాలు తిరిగే తలానికి కొద్దిపాటి వంపుతో, గ్రహాలు తిరిగే దిశలోనే తిరుగుతాయి. రెండోది హేలీ రకం: 20 నుంచి 200 ఏళ్లు, వంపు ఎంతైనా ఉండొచ్చు, హేలీ అయితే ఏకంగా ఎదురు దిశలో తిరుగుతుంది, వంపు 162 డిగ్రీలు.

సంవత్సరాలు చూసి విడదీస్తే తంటా ఏంటంటే, గురుడు ఒక్కసారి లాగితే ఆ కాలం మారిపోతుంది. అందుకే టిసరాండ్ సంఖ్య వాడతాం. ఫ్రాన్స్‌లో ఫెలిక్స్ టిసరాండ్ 1889లో చూపించాడు: గురుడి దగ్గరగా వెళ్లొచ్చాక కక్ష్య సైజు, సాగుడు, వంపు అన్నీ మారినా, ఆ మూడింటినీ ఒక ప్రత్యేకమైన పద్ధతిలో కలిపితే వచ్చే అంకె పెద్దగా మారదు. గురుగ్రహ కుటుంబానికి అది 2కీ 3కీ మధ్య ఉంటుంది, హేలీ రకానికి 2 కంటే తక్కువ, మామూలు గ్రహశకలాలకు 3 పైన. చేత్తోనే వేసుకోవచ్చు. 67పికి 2.75 దగ్గర వస్తుంది. హేలీకి వేస్తే మైనస్ 0.6.

ఇప్పుడు అసలు విషయం. ఊర్ట్ మేఘం గోళంలా అన్ని వైపులా ఉంటుంది, అక్కడి నుంచి వచ్చేవి పైనుంచి, కింద నుంచి, ఎటు నుంచైనా దిగుతాయి. వాటినే గురుడు పట్టి చిన్న కక్ష్యల్లో పెట్టాడని చాలాకాలం అనుకున్నారు. 1972లో ఎవర్‌హార్ట్ అనే ఆయన, సరైన చోట సరైన వంపుతో వచ్చేవాటిని మాత్రమే గురుడు పట్టగలడని కంప్యూటర్ లెక్కలతో చూపించాడు. మరుసటి ఏడాదే ఇంకొకాయన "అలా పట్టేవి మరీ తక్కువ, మనం చూస్తున్న సంఖ్యకు సరిపోవు" అన్నాడు. అంటే ఫార్వర్డ్‌లో ఉన్న అనుమానం ఖగోళవేత్తలకు యాభై ఏళ్ల కిందటే వచ్చింది. వాళ్లు దాన్ని పట్టుకుని సౌర కుటుంబం వయసు తగ్గించలేదు, వాగు ఇంకెక్కడో ఉందని వెతికారు.

1980లో ఉరుగ్వేకు చెందిన హూలియో ఫెర్నాండెజ్, నెప్ట్యూన్ అవతల మంచు శకలాల పట్టీ (ఇప్పుడు కైపర్ బెల్ట్ అంటున్నది) ఒకటి ఉంటే లెక్క సరిపోతుందన్నాడు. 1988లో డంకన్, క్విన్, ట్రెమైన్ ముగ్గురూ సిమ్యులేషన్లు చేసి, గోళంలాంటి మేఘం నుంచి బయల్దేరితే గ్రహాలు ఎంత లాగినా ఆ చెల్లాచెదురు వంపులు అలాగే ఉండిపోతాయని, ఇంత బల్లపరుపు కుటుంబం కావాలంటే బయల్దేరే చోటు కూడా బల్లపరుపుగానే ఉండాలని తేల్చారు. అప్పటికి ఆ పట్టీలో ప్లూటో, దాని చందమామ కేరాన్ తప్ప ఒక్కటీ కనబడలేదు. కేవలం తోకచుక్కల వంపులు చూసి "అక్కడ ఏదో ఉంది" అన్నారు. 1992 ఆగస్టు 30న హవాయిలోని మౌనా కియా మీద డేవిడ్ జెవిట్, జేన్ లూ మొదటిదాన్ని పట్టుకున్నారు. ఈరోజుకి అలాంటివి 3000 దాటాయి.

కాబట్టి మీ బాబాయ్ గారికి ఒక్క ముక్క చెప్పండి: ఊర్ట్ మేఘాన్ని ఎవరూ చూడలేదు, సరే. కానీ ఈ తోకచుక్కలు వచ్చేది అక్కడి నుంచి కాదు, వచ్చే చోటును ఫొటోలు తీశారు.

బెజవాడ_బైనాక్యులర్

సూపర్. ఈ ఒక్క పోస్టు కోసం ఈ ఫోరమ్‌లో ఉండొచ్చు.

ఎందుకలా_రావు

ఒప్పుకుంటా, కానీ వదలను. మీరు ఫొటో తీసినవి వంద, రెండొందల కిలోమీటర్లవి. తోకచుక్క కేంద్రకం చూస్తే రెండు మూడు కిలోమీటర్లు. అంత చిన్నవి అక్కడ ఉన్నాయని ఎవరు చూశారు? ఇంకోటి, ఆ పట్టీ 460 కోట్ల ఏళ్లుగా నిలకడగా ఉందంటే అందులోవి ఇప్పుడెందుకు బయటకొస్తాయి? బయటకొస్తూనే ఉంటే ఈపాటికి ఖాళీ అయిపోవాలిగా!

గతి_గణితం

రావుగారూ రెండూ మంచి ప్రశ్నలు. మా గ్రూప్ మీటింగుల్లో కూడా ఇలాగే పీకుతారు.

రెండోదానికి ముందు. ఆ పట్టీ అంతా ఒకే రకం కాదు. మధ్యలో గుండ్రటి కక్ష్యల్లో ఉన్నవి చాలా నిలకడ, అవి రమ్మన్నా రావు. కానీ సౌర కుటుంబం చిన్నప్పుడు నెప్ట్యూన్ తన్నితే దూరంగా ఎగిరిపోయి, ఇప్పటికీ సూర్యుడి దగ్గరి కొస మాత్రం నెప్ట్యూన్ కక్ష్య చేరువలోనే ఉంచుకుని తిరిగేవి కొన్ని ఉన్నాయి. వీటిని చెదిరిన పళ్లెం అంటారు. 1996లో మొదటిది దొరికింది, ప్లూటో హోదా పోవడానికి కారణమైన ఎరిస్ కూడా ఈ బాపతే. డంకన్, లెవిసన్ 1997లో చెప్పింది ఏంటంటే తోకచుక్కలను పంపేది ముఖ్యంగా ఈ పళ్లెమేనని. ఇది తేలిగ్గా ఖాళీ కాదు, ఎందుకంటే ఒక్కో వస్తువూ నెప్ట్యూన్‌కు దగ్గరగా వచ్చే సందర్భాలు చాలా అరుదు, వచ్చినా చాలావరకు కొద్దిగా కదిలి మళ్లీ వెనక్కి పోతాయి. కోట్ల ఏళ్లకు ఎప్పుడో ఒకటి లోపలికి జారుతుంది.

జారాక నెప్ట్యూన్ నుంచి యురేనస్‌కు, అక్కడి నుంచి శనికి, శని నుంచి గురుడికి చేతులు మారుతుంది. ఈ మధ్యదశలో ఉన్నవాటినే సెంటార్లు అంటాం, 1977లో చార్లెస్ కోవల్ కనిపెట్టిన కైరాన్ మొదటిది. దాన్ని గ్రహశకలం అనుకున్నారు, తర్వాత పదేళ్లకు చుట్టూ వాయువు, ధూళి కనబడ్డాయి. సెంటార్లు కొన్ని లక్షల నుంచి కొన్ని కోట్ల ఏళ్లు అలా తిరుగుతాయి. వాటిలో దాదాపు మూడో వంతు మనకు కనిపించేంత దగ్గరికి వస్తాయి. చివరికి ఎక్కువ భాగాన్ని గురుడు సౌర కుటుంబం బయటకే విసిరేస్తాడు.

మొదటి ప్రశ్నకి కాయితం మీద లెక్క వేద్దాం, ముతక లెక్కే. చురుగ్గా ఉన్న గురుగ్రహ కుటుంబపు తోకచుక్కలు 500 అనుకోండి. ఒక్కోటి పదివేల ఏళ్లు వెలుగుతుంది అనుకోండి (లెవిసన్, డంకన్ లెక్కలో 12,000 వచ్చింది). అంటే సంఖ్య తగ్గకుండా ఉండాలంటే 20 ఏళ్లకు ఒక కొత్తది చాలు! 400 కోట్ల ఏళ్లకు 20 కోట్లు. మూడింట ఒకటే మనదాకా వస్తుంది కాబట్టి 60 కోట్లు బయల్దేరి ఉండాలి. ఇప్పుడు చెదిరిన పళ్లెంలో తోకచుక్కల సైజువి ఎన్ని ఉండాలి అని 1997 పేపర్లో వాళ్లు వేసిన అంచనా కూడా అటూ ఇటూగా 60 కోట్లే. పైగా మొదట్లో ఇప్పటికంటే ఎన్నో రెట్లు ఉండేవి. అది తలా కాస్తా విదిల్చినా తరిగిపోయే రాశి కాదు.

చుక్కల_మాస్టారు

ఇరవై ఏళ్లకు ఒకటా! నేను ఏడాదికి పది ఇరవై ఉంటాయనుకునేవాణ్ణి. ఆ ఫార్వర్డ్ ఈ ఒక్క అంకెతోనే కూలిపోతుంది.

ఎందుకలా_రావు

లెక్క బానే ఉంది, కానీ చిన్నవాటిని చూశారా అంటే సమాధానం రాలేదు. 60 కోట్లు ఉండాలి కాబట్టి 60 కోట్లు ఉన్నాయి అన్నట్టుంది.

గతి_గణితం

అక్కడ మీరు పట్టుకున్నది నిజమైన చోటు, దాటేయను.

సూర్యకాంతి అంతదూరం వెళ్లి, తగిలి, మళ్లీ మనదాకా రావాలి, కాబట్టి దూరం రెండింతలైతే వెలుగు పదహారో వంతు అవుతుంది. కిలోమీటరు ముక్కని 40 ఏయూ దూరంలో (ఏయూ అంటే భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం) నేరుగా చూడటం ఇప్పుడున్న టెలిస్కోపులతో అయ్యేది కాదు. అందుకని వేరే దారులు. ఒకటి, నక్షత్రం ముందు నుంచి అది వెళ్తే క్షణంలో కొద్ది భాగం సేపు నక్షత్రం మసకబారుతుంది. హబుల్ టెలిస్కోపు తన గురి సరిచూసుకోవడానికి నక్షత్రాలను చూసే సెన్సార్ల పాత డేటా తవ్వి 2009లో అలాంటి కిలోమీటరు సైజుది ఒకటి పట్టారు. రెండు, న్యూ హొరైజన్స్ అంతరిక్ష నౌక 2015లో ప్లూటో, కేరాన్‌ల మీద గుంతలు ఫొటో తీసింది. ఏ సైజు గుంతలు ఎన్ని ఉన్నాయో లెక్కిస్తే వాటిని గుద్దినవి ఎన్నో తెలుస్తుంది. తమాషా ఏంటంటే 13 కిలోమీటర్ల కంటే చిన్న గుంతలు అనుకున్నదానికన్నా బాగా తక్కువ ఉన్నాయి. అంటే ఒకటి రెండు కిలోమీటర్ల కన్నా చిన్న శకలాలు అక్కడ మనం ఊహించినన్ని లేవు.

ఇది మా వాళ్లకి టెన్షన్ పెట్టిన మాట నిజం. చిన్న తోకచుక్కలు కొన్ని పెద్దవి విరిగితే పుట్టినవేనా, మనం చూస్తున్నవాటిలో చాలా భాగం ఒకటి రెండు కిలోమీటర్ల పైనవే కాబట్టి ఇబ్బంది లేదా, ఈ వాదన ఇంకా నడుస్తోంది. కానీ చూడండి, గొడవంతా ఎంత పెద్ద వాగు అన్నదాని మీద. వాగు ఉందా లేదా అని కాదు.

ఎందుకలా_రావు

ఇది నచ్చింది. ఇలా ముందే చెప్పుంటే పోయేదిగా.

డల్లాస్_దొర

గురుడు లాగేస్తాడు, విసిరేస్తాడు అంటున్నారు, ఇదంతా సిమ్యులేషన్లోనేనా, నిజంగా ఎవరైనా చూశారా? అడుగుతున్నది రావుగారి తరఫున కాదు, నాకే తెలుసుకోవాలని.

చుక్కల_మాస్టారు

చూడకేం దొరగారూ. ఇందులో నాకు బాగా ఇష్టమైనది లెక్సెల్ తోకచుక్క. 1770 జూన్‌లో మెస్సియే కనిపెట్టాడు, జూలై 1న భూమికి 22 లక్షల కిలోమీటర్ల దూరంలోంచి వెళ్లింది, రికార్డుల్లో ఉన్నవాటిలో అంత దగ్గరగా వచ్చిన తోకచుక్క ఇంకోటి లేదు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఆండర్స్ లెక్సెల్ కక్ష్య గట్టి చూస్తే ఐదున్నర ఏళ్లకోసారి రావాలి అని తేలింది. మరి అంతకుముందు ఎందుకు కనబడలేదు? 1767లో గురుడి దగ్గరగా వెళ్లి లోపలికి వచ్చిపడింది కాబట్టి. తర్వాత ఎందుకు కనబడలేదు? 1779లో మళ్లీ గురుడి దగ్గరకే వెళ్లింది, అంతే, ఇప్పటిదాకా జాడ లేదు. పన్నెండేళ్లు మాత్రమే మన వీధిలో అద్దెకున్నట్టు లెక్క.

ఫిన్లాండ్‌కు చెందిన లీసీ ఓటెర్మా 1943లో కనిపెట్టినది ఇంకా విచిత్రం. 1937కి ముందు గురుడికి అవతల 18 ఏళ్ల కక్ష్య, 1937లో గురుడు లాగితే లోపలికి వచ్చి 8 ఏళ్ల కక్ష్య, 1963లో మళ్లీ గురుడే బయటకు నెట్టితే 19 ఏళ్లది. నేను మొదట్లో చెప్పిన 67పి కూడా 1959కి ముందు సూర్యుడికి 2.7 ఏయూ కంటే దగ్గరికి వచ్చేది కాదు, ఆ ఏడాది గురుడు తగిలాక 1.3 ఏయూ దాకా వచ్చింది, పదేళ్లకే చుర్యుమోవ్, గెరసిమెంకో కంటపడింది. అంటే గురుడు తోయకపోతే రోసెట్టా దానికి వెళ్లేదే కాదు.

గతి_గణితం

ఇంకోటి జోడిస్తా. 2019లో అట్లాస్ సర్వే కనిపెట్టిన ఎల్‌డి2 అనేది ఇప్పుడు గురుడి కక్ష్య దగ్గర తచ్చాడుతోంది. 2063లో గురుడు దాన్ని లోపలికి తోస్తాడని లెక్క. సెంటార్ తోకచుక్కగా మారడం మన కళ్లెదుట జరగబోతోంది. 20 ఏళ్లకొకటి అన్న లెక్కకి సరిగ్గా సరిపోయే నమూనా ఇది.

బెజవాడ_బైనాక్యులర్

షూమేకర్ లెవీ తోకచుక్కను మర్చిపోయారు! 1992లో గురుడు ముక్కలు చేశాడు, 1994 జూలైలో 21 ముక్కలూ వెళ్లి గురుడినే గుద్దాయి. చిన్నప్పుడు పేపర్లో ఆ ఫొటోలు కత్తిరించి పుస్తకంలో అంటించుకున్నా. అన్నట్టు హేలీ రకం సంగతి ఎవరూ చెప్పలేదు. 2024 ఏప్రిల్‌లో గురుడి పక్కన పాన్స్ బ్రూక్స్ చూశాం కదా, 71 ఏళ్లది, అదీ కైపర్ బెల్ట్ నుంచేనా?

గతి_గణితం

కాదు. పాన్స్ బ్రూక్స్ వంపు 74 డిగ్రీలు, టిసరాండ్ సంఖ్య 2 కంటే బాగా తక్కువ, అది హేలీ రకం. వీటి మూలం ఊర్ట్ మేఘమని ఎక్కువమంది నమ్మకం, మేఘం లోపలి భాగమా, బయటి భాగమా, చెదిరిన పళ్లెం కొస నుంచి కొన్నా అన్నది తేలలేదు. ఇక్కడ సమస్య ఫార్వర్డ్ చెప్పినదానికి తలకిందులు. సిమ్యులేషన్ ప్రకారం హేలీ రకం ఆరిపోయినవి ఇప్పుడు వేలల్లో కనబడాలి, కనబడట్లేదు. 2002లో లెవిసన్ బృందం తేల్చింది ఏంటంటే లోపలికి వచ్చేవాటిలో 99 శాతం ఆరిపోవు, పూర్తిగా పొడి అయిపోతాయి. ఎందుకు అలా అన్నదానికి నాకు సంతృప్తికరమైన కారణం ఇంతవరకు కనబడలేదు.

నెల్లూరు_నిశాచరి

పొడి అయిపోవడం అంటే గుర్తొచ్చింది, దీనికి మన మద్రాసుతో సంబంధం ఉన్న కథ ఉంది. బీలా తోకచుక్క, ఆరున్నర ఏళ్లది, గురుగ్రహ కుటుంబమే. 1846లో రెండు ముక్కలైంది, 1852లో రెండూ విడివిడిగా కనబడ్డాయి, ఆ తర్వాత మాయం. 1872 నవంబర్ 27 రాత్రి అది ఉండాల్సిన దారిలో భూమి వెళ్తుంటే యూరప్‌లో వేల ఉల్కలు కురిశాయి. జర్మనీలో క్లింకర్‌ఫ్యూస్ అనే ఆయన వెంటనే మద్రాసు అబ్జర్వేటరీలో ఉన్న నార్మన్ పాగ్సన్‌కు టెలిగ్రాం కొట్టాడు: బీలా భూమిని తాకింది, సెంటారస్ రాశిలో థీటా నక్షత్రం దగ్గర వెతుకు అని. మొదట మబ్బులు, వాన. డిసెంబర్ 2న, 3న తెల్లవారుజామున పాగ్సన్‌కి నిజంగానే ఒక తోకచుక్క కనబడింది! తర్వాత మళ్లీ మబ్బులు. తీరా లెక్కలు వేస్తే అది బీలా కాదు, బీలా ఉండాల్సిన చోటికి చాలా దూరం. మరి పాగ్సన్ చూసింది ఏమిటో ఈరోజుకీ తేలలేదు.

కొవ్వూరు_కుర్రాడు

అయ్య బాబోయ్, ఇది నాకు తెలీదు. టెలిగ్రాంలో తోకచుక్క వెతకమని చెప్పడమేంటండీ!

చుక్కల_మాస్టారు

నిశాచరి గారూ, ఈ కథను వేరే దారంగా పెట్టండి, చాలామంది చదువుతారు.

ఎందుకలా_రావు

చివరిగా ఒకటి. గురుడి దాకా వెళ్లనివి కూడా ఉన్నాయటగా. ఎంకె తోకచుక్క 3.3 ఏళ్లకే తిరిగొస్తుంది, దూరపు కొస 4.1 ఏయూ, గురుడు 5.2 దగ్గర. మరి దీన్ని ఎవరు తెచ్చి అక్కడ పెట్టారు?

గతి_గణితం

రావుగారూ మీరు మా ల్యాబులో చేరిపోండి.

ఎంకె టిసరాండ్ సంఖ్య 3.03, గురుడి చేతికి అందదు. దాని కక్ష్యను 1819లో కట్టిన యోహన్ ఎంకె ఒక విషయం గమనించాడు, ప్రతి చుట్టుకూ అది దాదాపు రెండున్నర గంటలు ముందే వస్తోంది. అంతరిక్షంలో ఏదో అడ్డుపడుతోందని అనుకున్నాడు. 1950లో ఫ్రెడ్ విపుల్ చెప్పిన కారణం వేరు: కేంద్రకం అంటే మురికి మంచు ముద్ద, అది తన చుట్టూ తాను తిరుగుతూ ఆవిరి చిమ్ముతుంటే ఆ తోపుడు కక్ష్యను నెమ్మదిగా మారుస్తుంది. అలా తనను తాను తోసుకుంటూ గురుడి పట్టు నుంచి తప్పించుకుంది అని ఒక వివరణ. చిక్కు ఏంటంటే సిమ్యులేషన్లో అలా జరగడానికి పట్టే కాలం, తోకచుక్క వెలిగే కాలం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆవిరి చిమ్మితేనే కదా తోపుడు. అందుకని మధ్యలో చాలాకాలం పైన పొర కట్టి నిద్రపోయి, సూర్యుడికి ఇంకా దగ్గరయ్యాక మళ్లీ లేచిందని కొందరంటారు. నేనైతే సగమే నమ్ముతా.

కొవ్వూరు_కుర్రాడు

అందరికీ థాంక్స్. 20 ఏళ్లకొకటి అన్న లెక్కను బాబాయ్‌కి పంపా. "సరే గానీ మరి చందమామ మీద ధూళి సంగతేంటి" అని ఇంకో ఫార్వర్డ్ పెట్టారు.

బెజవాడ_బైనాక్యులర్

😂😂 దానికి వేరే దారం తెరువు తమ్ముడూ. ఎంకె 2027 ఫిబ్రవరిలో మళ్లీ సూర్యుడి దగ్గరకు వస్తోంది, కృష్ణా అవతల ఊళ్ల వైపు లైట్లు లేని చోటికి వెళ్దామనుకుంటున్నాం, 10x50 బైనాక్యులర్ ఉన్నవాళ్లు పేరు ఇవ్వండి.

నెల్లూరు_నిశాచరి

నా పేరు రాసుకోండి. ట్రైపాడ్ కూడా తెస్తా.